జింకు గోలీలు

యాభై దాటాక నా ఒంట్లో ఏదో తగ్గిపోయింది. సిరిసిల్లలో సాంచాలు నడిపి బతికినవాణ్ణి. ఆ మరమగ్గాల మోతలో పొద్దంతా నిలబడ్డ కాళ్లు మధ్యాహ్నానికే వణికేవి. భార్య పక్కన పడుకున్నా బండరాయిలా ఉండిపోయేవాణ్ణి. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను తినేసింది.

రక్తపరీక్షలో మగ హార్మోను తక్కువని, షుగరు ఎక్కువని తేలింది. ముందు షుగరు అదుపులోకి రావాలి, మళ్లీ పరీక్ష చేద్దాం అన్నాడు డాక్టరు. నాకు ఆగే ఓపిక లేదు.

కోరుట్లలో ఒక దోస్తు ఉన్నాడు. నాతో పాటే సాంచాలు నడిపి, దుబాయ్ పోయి వచ్చినవాడు.

"జింకు తక్కువైతే గిట్లనే అయితదిరా. గీ గోలీలు మింగు. నేను మింగినంక మల్ల పోరగాని లెక్క అయిన" అని ఒక సీసా ఇచ్చాడు.

రోజుకొకటి అని సీసా మీద రాసి ఉంది. ఒకదానితో ఏమీ కాలేదు. మూడు పూటలా మింగడం మొదలుపెట్టాను. కడుపులో తిప్పితే మందు పనిచేస్తోందనుకున్నాను. సీసా అయిపోతే మళ్లీ కోరుట్లకు పోయేవాణ్ణి, ఇంట్లో ఏదో సాకు చెప్పి.

చలికాలం వచ్చేసరికి అరికాళ్లు మొద్దుబారాయి. కాలి చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. ఒకరోజు అడుగు ఎక్కడ పడిందో తెలియక, నడుస్తున్న సాంచా మీదికి తూలాను. పక్కవాడు అంగీ పట్టి లాగకపోతే చెయ్యి పోయేది.

జగిత్యాలలో నరాల డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు చూసి, నా పాదాలను సూదితో గుచ్చి చూసింది. నాకేమీ తెలియలేదు.

"ఏమేం గోలీలు మింగుతున్నవ్?"

పక్కనే భార్య. జేబులోని సీసా తీసి బల్ల మీద పెట్టి, రోజుకు మూడని చెప్పాను.

"జింకు గన్ని మింగితే ఒంట్ల రాగి పడిపోతది. రాగి లేకుంటే నరాలు ఖరాబైతయ్. నీ రక్తం గూడ అందుకే తగ్గింది. హార్మోను సంగతి తర్వాత, ముందు నువ్వు నడవాలె" అంది.

బస్టాండులో భార్య అడిగింది. "దేనికోసం మింగినవ్?"

"నీకోసమే."

"నేనడిగిన్నా? నువ్వు నాతోని నోరిప్పి మాట్లాడక ఎన్ని దినాలైతుంది? నాకు గదే కావాలె గదయ్యా!"

బస్సు వస్తే ఆమే నా చెయ్యి పట్టి ఎక్కించింది.

రాగి మందుతో రక్తం కోలుకుంది. కాళ్లకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. సాంచాల దగ్గరికి రావద్దన్నాడు సేటు. స్నానానికి కూర్చుంటే నీళ్లెంత వేడిగా ఉన్నాయో ముందు ఆమే చెయ్యి పెట్టి చూస్తుంది. తర్వాత నా పాదాల మీద పోస్తుంది. వంచిన తల ఎత్తలేను.