ఎండిన కాలువలో అత్తయ్య

మా మేనత్త పోయిందని పోయిన సోమవారం పొద్దున పక్కింటి ఫోనుకు కబురు వచ్చింది. నేను అప్పుడు జడ వేసుకుంటున్నాను. వెళ్లి విని వచ్చి, మిగతా జడ కూడా వేసుకున్నాను. ఆవిడ ఉంటే అదే చెయ్యమనేది. ఉద్యోగమంతా విజయవాడ ఆస్పత్రిలోనే నర్సుగా చేసిన మనిషి. ఎవరైనా పోతే ముందు గడియారం చూసి, తర్వాత కళ్లు తుడుచుకునేది. ఇది చదివేవాళ్లలో కొందరికైనా ఆవిడ సూది వేసే ఉంటుంది.

నాకు మాత్రం ఆవిడ అద్దె అంబాసిడర్ కారులో గుర్తుకొస్తుంది. కిందటేడు వేసవిలో, బి.ఏ. అయిపోయి నేను ఇంట్లో అందరినీ విసిగిస్తున్న రోజుల్లో, మన మతం ఈ జిల్లాకి వచ్చిన దారి చూసొద్దాం పదమంది. బందరులో మిషను దొరల సమాధులు, వాళ్ల పాత బంగళా, తిరుగు దారిలో కంకిపాడు దాపున కాలువ లాకులు. ఆ లాకుల దగ్గరే అత్తయ్య వాళ్ల నాయనమ్మ మా ఇంట్లో అందరికన్నా ముందు బాప్తిస్మం పుచ్చుకుంది. మా సంఘంలో పసిపిల్లలకి ఇవ్వరు. పెద్దయ్యాక ఎవరికి వాళ్లు అడగాలి. నేను అడగలేదు. డిక్కీలో తెల్లచీర, తువ్వాలు కనబడగానే ప్రయాణం ఎందుకో అర్థమైంది. అక్కడ నేను ఊ అంటే పాస్టరు గారిని పిలిపించాలని ఆవిడ ఆశ. అయినా ఎక్కి కూర్చున్నాను. కారెక్కించి తిప్పుతానంటే ఎవరు వద్దంటారు?

బందరు సమాధుల తోటలో ముందు ఇడ్లీ పొట్లం విప్పింది. చచ్చినవాళ్లని చూడ్డానికి ఖాళీ కడుపుతో రాకూడదంది. తిన్నాక ఒక్కొక్క రాయీ చదువుతూ నడిచింది. దొరల పిల్లలవే ఎక్కువ. ప్రతి రాయి దగ్గరా ఆగి, ఇది చలిజ్వరం, ఇది విరేచనాలు అని చెప్పుకుంటూ పోయింది. ఒక పాప దగ్గర మాత్రం కాసేపు నిలబడి, ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టినా బతికేదని అంది, నిన్నటి కేసులాగా.

బంగళా ఎరువుల గోడౌన్ అయిపోయింది. నేను నొచ్చుకున్నాననుకుంది కాబోలు, దొర ఉన్న రోజుల్లో మనవాళ్లు వరండా దాటలేదని, ఇప్పుడు బస్తాలు మోసేది మనవాళ్లే కాబట్టి గదులన్నీ తిరుగుతున్నారని నవ్వింది.

పొద్దుటి నుంచీ రోడ్డు పక్కన కాలువ మాతోపాటే వస్తోంది, చుక్క నీరు లేకుండా. ఎండాకాలం కాలువలు కట్టేస్తారని డెల్టాలో ఎవరికి తెలియదు? పెళ్లికే ముహూర్తం చూడనివాళ్లం, నీళ్లకేం చూస్తాం. ఆవిడ చెప్పే బాప్తిస్మం కథంతా వింటున్న డ్రైవరు చివరికి ఉండబట్టలేకపోయాడు.

"ముంచుతారంటున్నారు గదండీ అమ్మగారూ, మరి నీళ్లేయండీ?"

"నువ్వు రోడ్డు చూసి నడుపు నాయనా."

లాకుల దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, కాలువ అడుగుకి వెళ్లింది. వెనకే నేనూ దిగాను. నెర్రెలిచ్చిన మట్టి, నత్తగుల్లలు. గోడ మీద నీళ్లు నిలిచిన పాచిగీత ఆవిడ తలకన్నా పైన ఉంది. తలెత్తి దాన్నే చూసింది.

"మా నాయనమ్మకి ఈత రాదే. అయినా దిగింది." నా వైపు తిరిగింది. "నీకు దిగాలని ఉందా?"

"ఏమో అత్తయ్యా. ఉన్నట్టు లేదు."

ఆవిడ మొహంలో ఏదో వాలింది. అది నేను చూశాను. తర్వాత మామూలుగానే అంది:

"పోన్లే. ఊ అంటే నా మొహం చూసి అన్నావనుకునేదాన్ని."

తెల్లచీర మడత విప్పకుండానే ఇంటికి వచ్చింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చదువు, పెళ్లి, దేవుడు, ఏది అడిగినా మా పెద్దవాళ్లు జవాబు ముందే పెట్టుకుని అడుగుతారు. నా 'ఏమో'ని జవాబుగా పుచ్చుకున్నది ఆవిడొక్కతే.

పెట్టెలో ఆవిడకి ఆ చీరే కట్టారు. లాకులకి అవతల ఉన్న మా ఊళ్లో సమాధి చేసి, సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే కిటికీ పక్క సీటు దొరికింది. కాలువ నిండుగా పారుతోంది. లాకుల దగ్గర గోడ మీది గీత కోసం చూశాను. కనబడలేదు. ఆవిడ చెప్పులు పట్టుకుని నిలబడిన చోటు మీదుగా గుర్రపుడెక్క ఒకటి, పూవుతో సహా, నిదానంగా బందరు వైపు పోతోంది.