గార పొట్లం

ఈ ఉదయం కాఫీ యంత్రం తొట్టిలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి మీట నొక్కాను. ఆవిరి గొట్టం చివర నుంచి పుల్లని వాసన వంటింటినిండా పరుచుకుంది. మూడు నెలలకొకసారి వచ్చే ఆ వాసనతో నాకు ఓదేలు కాక గుర్తుకొస్తారు. ఆ వెంటనే, నేను పంపకుండా ఆపేసిన ఒక ఉత్తరం గుర్తుకొచ్చి గుండె తేలికపడుతుంది.

కొత్తగూడెంలో మా పక్క క్వార్టరు ఆయనది. బొగ్గు బాయి మీద బాయిలరు ఫిట్టరుగా బతుకంతా పనిచేసి రిటైరయ్యారు. నేను కాలేజీ డిబేటు పోటీల్లో పెరిగినదాన్ని. ఏ విషయం మీదనైనా అనుకూలంగానో ప్రతికూలంగానో గంటసేపు మాట్లాడగలను. ఆయన మెట్ల మీద కూర్చుని అంతా విని, చివరికి ఒకే మాట అడిగేవారు: “మంచిగ మాట్లాడినవ్ బిడ్డా. గానీ నువ్వు పోయి సూసినవా?” అది వాదించడం చేతకానివారి ప్రశ్న అని అప్పట్లో నా అభిప్రాయం.

మొదటి జీతంతో ఆ యంత్రాన్ని కొన్నాను. డబ్బా నీళ్ల వ్యాపారానికి వ్యతిరేకంగా కాలేజీలో వాదించి గెలిచినదాన్ని కనుక, గెలిచిన వాదనకు కట్టుబడి ఆ డబ్బాలను మా గడప తొక్కనివ్వలేదు. యంత్రంలోనూ బోరు నీళ్లే పోశాను. ఏడాది తిరగకముందే ధార సన్నబడింది. యంత్రం కొన్న ఖమ్మం దుకాణం నుంచి శ్రీను అనే మెకానిక్కు బస్సులో వచ్చి, రబ్బరు వాషరు మార్చి, బోరు నీళ్లు పోస్తే లోపల సున్నపు గార పడుతుందని చెప్పాడు. నీరు ప్రజల హక్కు అన్న అంశం మీద నేనతనికి పావుగంట బోధించాను. పాపం, చేతిలో పానాతో నిలబడి విన్నాడు. ఇంకేదో కడగాలని కూడా అన్నాడు గానీ, ఆ మాట నా ప్రసంగంలో కొట్టుకుపోయింది.

పది రోజులకు యంత్రం నిమిషానికొక చుక్క రాల్చే స్థితికి వచ్చింది. శ్రీనే పాడుచేశాడని తేల్చేశాను. దుకాణం యజమానికి ఫోన్ చేస్తే, అతని మీద ఇది రెండో ఫిర్యాదనీ, రాసి పంపితే ఆ రోజే పనిలోంచి తీసేస్తాననీ అన్నాడు. అయిదు ఆరోపణలతో ఎక్కడా సందు లేకుండా ఉత్తరం రాశాను. పంపే ముందు కాకకు చూపించాను. సలహా కోసమన్నాను గానీ, మెప్పు కోసమే.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“ఆ మిషిన్ల ఏమున్నదో సూసినవా?”

“మెకానిక్కు విప్పి పాడుచేశాడు కాకా.”

“నేనడిగింది గది గాదు. సూసినవా అంటున్న.”

చూడలేదన్నాను. అప్పుడాయన తమ బాయిలరు దగ్గరి పద్ధతి చెప్పారు. బాయిలరును కడిగినవాడు లోపల గీకిన గారను కాగితంలో పొట్లం కట్టి ఇంజనీరుకు చూపించాలట. పొట్లం చూడకుండా ఎవరి మీదా తప్పు రాయకూడదట. “మనిషి కొలువు తీసే కాయితం బిడ్డా. గార సూడందే మా ఇంజనీరు సంతకం పెట్టకపోయేటోడు.”

అని, మా ఇంటికి వచ్చారు. ప్లగ్గు పీకించి, యంత్రం చల్లారేదాకా ఆగారు. కాఫీ దిగే మూతి దగ్గరి చిన్న జల్లెడ విప్పితే దాని వెనుక తెల్లగా పెచ్చు కట్టి ఉంది. జల్లెడను కడిగి బిగించాక, తొట్టిలో నిమ్మ ఉప్పు నీళ్లు పోయించి, యంత్రాన్ని కాసేపు నడిపి, అరగంట నాననిచ్చి, మళ్లీ నడిపించారు. కింద తన భుజం మీది తువ్వాలు పట్టారు. ముందు చుక్కలు, తర్వాత దగ్గులాంటి చప్పుడు, ఆ తర్వాత ధార. తువ్వాలు మీద గుడ్డు పెంకు ముక్కల్లాంటి రేకులు మిగిలాయి. వాటిని పేపరు ముక్కలో పొట్లం కట్టి, నా ఉత్తరం పక్కన పెట్టారు.

“ఇగ నీ కాయితం నువ్వే సదువుకో.”

శ్రీను కడగాలన్నది దీన్నేనని అర్థమైంది. ఉత్తరం చదవలేదు, చించేశాను. భుజాల మీది బరువు దిగినట్టయింది. అయితే ఇక డబ్బా నీళ్లు కొనాలా, నా సిద్ధాంతం ఓడిపోయిందా అని దిగులుగా అడిగాను. ఆయన నవ్వారు. “డబ్బా ఎందుకు? కాసి, సల్లార్చి, అడుగు కదపకుండ పై నీళ్లు వంచుకో. గార పడుడు శాన తగ్గుతది. నీ పంతం నీకుంటది.”

తప్పు నాదేనని యజమానికి చెప్పాను. శ్రీనుకు కూడా ఫోన్ చేసి, ఉత్తరం సంగతి దాచకుండా క్షమాపణ అడిగాను. అతడు యంత్రాన్ని ఎలా కడిగామో అడిగాడు. ఆ తర్వాత, “మరి ఒట్టి నీళ్లు రెండుసార్లు పోనిచ్చిన్రా మేడమ్? లేకుంటే కాఫీ పుల్లగుంటది” అన్నాడు.

కాక నిరుడు వానాకాలంలో పోయారు. శ్రీను ఇంకా అదే దుకాణంలో ఉన్నాడు. నేను ఇప్పటికీ వాదిస్తాను. అన్యాయమని తోస్తే ఫిర్యాదులూ రాస్తాను. అయితే పంపే ముందు బల్ల సొరుగు తెరిచి, ఆ పేపరు పొట్లాన్ని ఉత్తరం పక్కన పెట్టుకుంటాను. కొన్ని ఉత్తరాలు వెళ్తాయి, కొన్ని వెళ్లవు.

ఈరోజు గుడ్డ మీద మూడే రేకులు మిగిలాయి. చూపించడానికి కాక లేకపోయినా కాగితంలో మడిచాను. ఒట్టి నీళ్లు రెండుసార్లు పోనిచ్చి, మూడోసారి కాఫీ పెట్టుకున్నాను. పులుపు లేదు.