కూలర్ల దుకాణంలో భూతాపం

రెండు వేల సంవత్సరం తర్వాతి మాట. సర్వేలు చేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. ఆ మే నెలలో నాకిచ్చిన ప్రశ్న: 'భూమి వేడెక్కుతోందని మీరు నమ్ముతున్నారా?'

దబీర్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర కూలర్లు బాగుచేసే ఆయనతో మొదలుపెట్టాను. నన్ను ప్రశ్న పూర్తి చెయ్యనివ్వలేదు.

"నమ్ముడేంది అక్కా? పానా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పక్కా అని రాస్కో!"

నాకు చల్లటి నీళ్లిచ్చి, పక్క దుకాణాల వాళ్లని పిలిచి వాళ్లచేత కూడా అవుననిపించాడు. గంటలో నా రోజు పని అయిపోయింది.

డిసెంబరులో మళ్లీ అదే మనుషుల్ని అడిగి రమ్మన్నారు. వెళ్లేసరికి ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని గీజరు విప్పుతున్నాడు.

"వేడా? ఏడుంది అక్కా వేడి? నాలుగు దినాల సంది స్నానమంటేనే భయమైతుంది. లేదు అని రాయి."

"మేలో మీరే పక్కా అన్నారు కదండీ?"

"అప్పుడు ఉండె, చెప్పిన. ఇప్పుడు లేదు. అబద్ధం చెప్పమంటవా?"

ఆఫీసులో నవ్వుతూ చెప్పాను. మా సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. తప్పంతా 'వేడెక్కడం' అన్న మాటలోనే ఉందని ప్రశ్న మార్చేశాడు: 'వాతావరణం మారుతోందని నమ్ముతున్నారా?' మర్నాడు మళ్లీ దబీర్‌పురా.

"మారదా మరి? ఎండలు పోతే వానలు, వానలు పోతే చలి. మారకుంటే నా దుకాణం ఎట్ల నడుస్తది? గిదేం ప్రశ్న అక్కా!"

అవును అని టిక్కు పెట్టాను గానీ సిగ్గేసింది. కాగితం అడిగింది ఒకటి, ఆయన ఒప్పుకున్నది ఇంకొకటి. కాగితం మడిచి మామూలుగా అడిగాను.

"అన్నా, మీ చిన్నప్పటికీ ఇప్పటికీ ఎండల్లో ఏమైనా తేడా ఉందా?"

ఆయన పని ఆపి పానా కింద పెట్టాడు.

"మా బాపు ఈ దుకాణం నడిపేటప్పుడు హోలీ అయినంక గాని ఒక్క కూలర్ రాకుండె. ఇప్పుడు శివరాత్రికి ముందే లైను కడుతున్నరు. దీన్ని మీ ఆఫీసుల ఏమంటరో నాకు తెల్వదు."

ఆ జవాబుకి కాగితంలో గడి లేదు. వెనకవైపు రాసుకున్నాను. తర్వాత వెళ్లిన ప్రతి దుకాణంలోనూ అదే అడిగాను. సూపర్‌వైజరు ఆ కాగితాలు తిరగేసి, "ఇవన్నీ లెక్కలోకి ఎలా తీసుకోమంటారండీ?" అని తల పట్టుకున్నాడు. అలా అంటూనే ఒక్కటీ వదలకుండా అన్నీ చదివాడు.