బహ్లాలో కుదిరిన రాజీ

ఒమాన్‌లోని బహ్లా ఊరు దాటాక ఏటిలోయ వెంట, ఖర్జూర తోటల, ద్రాక్ష పందిళ్ళ మధ్య సైకిల్ తొక్కుతున్నాను. ఎత్తు ఎక్కలేక తెలుగులో గొణుక్కుంటుంటే పక్కనే ఒక పికప్ ఆగింది. నడుపుతున్నది తెల్లగడ్డం ఒమానీ పెద్దాయన. పక్కన ఆయన తోటలో పనిచేసే కడప మస్తాన్.

"సైకిలెందుకు తొక్కుతాండావన్నా? మీ కంపెనీ బండి ఇయ్యలేదా?" అన్నాడు మస్తాన్.

"కారుంది. ఇది సరదాకి."

మస్తాన్ అరబ్బీలో చెప్పగానే పెద్దాయన నావైపు జాలిగా చూసి ఏదో అడిగాడు.

"ఇంట్లో ఏమన్నా గొడవా అంటాండాడు."

కాదని ఎంత చెప్పినా పెద్దాయన నమ్మలేదు. మేమెక్కడ దిగామో మస్తాన్ చేత అడిగించి, కిందికి దిగి, నా సైకిల్‌నీ నన్నూ పికప్‌లోకి ఎక్కించేశాడు. పొద్దుటినుంచి చెమటోడ్చి ఎక్కిన ఎత్తంతా చిటికెలో దిగిపోయి, బహ్లాలో మేముంటున్న హోటల్ ముందు ఆగాం. మా ఆవిడ గుమ్మం దగ్గర టీ తాగుతోంది. పెద్దాయన గుండెమీద చెయ్యి పెట్టుకుని ఆమెతో చాలాసేపు మాట్లాడాడు.

"అన్నను మన్నించి లోపలికి రానీమంటాండాడక్కా," అన్నాడు మస్తాన్.

మా ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. "పెద్దవారు ఇంతదూరం వచ్చి చెప్పారు కాబట్టి, ఈసారికి రానిస్తానని చెప్పు తమ్ముడూ," అంది.

పెద్దాయన సంతోషంగా నా భుజం తట్టి, సైకిల్ దించకుండానే బండెక్కాడు.

"నువ్వు మళ్ళా పోకుండా సైకిల్‌ను నాలుగు దినాలు మా తోటలోనే పెడతాడంటన్నా," అన్నాడు మస్తాన్.