ఇనోకాషిరా చెరువు దగ్గర లావణ్య వంతు

అమీర్‌పేటలో జపనీస్ కోచింగ్‌కు వెళ్ళే రోజుల్లో మా పాఠంలో ఒక సంభాషణ ఉండేది. ఒకరు "చెరువు ఎక్కడుందండీ?" అని అడగాలి, ఇంకొకరు "అదిగో, అక్కడ" అని చూపించాలి. మధురానగర్ హాస్టల్ దాకా నడుస్తూ నేనూ, నా రూమ్మేట్ లావణ్యా అదే వల్లించేవాళ్ళం. అడిగే వంతు ఎప్పుడూ తనదే. తర్వాత పంజాగుట్టలో ఉద్యోగం దొరికి తను కోర్సు మానేసింది, నాకు టోక్యోలో పని దొరికింది. ఇక్కడికొచ్చాక తెలిసింది, నాకు జవాబులు చెప్పడమే వచ్చని. షాపులో, ఆఫీసులో ఎవరైనా అడిగితే చెబుతాను. సెలవురోజుల్లో ఎవరూ ఏమీ అడగరు. సోమవారం పొద్దున పలకరించబోతే గొంతు పెగలదు. అందుకే ఒక శనివారం, ఎవరితోనైనా ఒక్క మాట మాట్లాడి తీరాలని, పాఠంలో ఉన్నటువంటి చెరువు వెతుక్కుంటూ బయలుదేరాను.

షింజుకులో చువో లైన్ ఎక్కితే పావుగంటలో కిచిజోజి వస్తుంది. టికెట్ రెండు వందల యెన్‌ల పైచిలుకు. దక్షిణం వైపు దిగి కాస్త నడిస్తే ఇనోకాషిరా పార్కు, ప్రవేశం ఉచితం. పార్కంతా చెరువు చుట్టూనే ఉంది. నీళ్ళ మీదికి వంగిన చెట్లు, పొడవాటి వంతెన, హంస పడవల్లో జంటలు. పడవ ఎక్కుదామనుకున్నాను గానీ, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని తొక్కడానికి మనసొప్పలేదు. గట్టున బెంచీ మీద ఒక పెద్దావిడ ఉంటే రెండో చివర కూర్చున్నాను. ఏమైనా అడుగుతుందేమోనని చాలాసేపు చూశాను. ఆవిడ బాతుల్నే చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. లావణ్యకు ఫోన్ చేశాను. అక్కడింకా పొద్దున. తను ఆఫీసుకు పోతూ అమీర్‌పేటలో మెట్రో మారుతోంది.

"ఏందే, గొంతు గట్లుంది?"

"ఎవ్వరు పలకరిస్తలేరే."

"నువ్వు జవాబు పట్టుకొని కూసున్నవని వాళ్ళకేం తెలుసే? జర నోరు తెరువు. నా వంతు సుత నువ్వే చెప్పు. రైలొచ్చింది, ఉంటా."

ఫోన్ పెట్టేసి, పెద్దావిడ వైపు తిరిగి, నోటికొచ్చిన ఒకే ఒక్క ప్రశ్న అడిగేశాను. "చెరువు ఎక్కడుందండీ?" అడిగాక గానీ అది మా కాళ్ళ ముందే ఉందని తట్టలేదు. ఆవిడ నన్ను చూసింది, నీళ్ళను చూసింది. నవ్వలేదు. చెయ్యి చాపి, "అదిగో, అక్కడ" అంది.

అది నా మాట. ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. ఆ తర్వాతి వాక్యం పాఠంలో లేదు, నాకూ రాదు. కాసేపటికి ఆవిడ వీడ్కోలుగా తల వంచి వెళ్ళిపోయింది. తిరుగు రైల్లో మళ్ళీ ఒంటరినే, కానీ సోమవారం దాకా నోరు మూసుకుని ఉండక్కర్లేదని తెలిసిన ఒంటరిని. ఇక సలహా అంటారా? మీరు ఏ భాష నేర్చుకుంటున్నా, అడిగే వంతు మీ స్నేహితురాలికే వదిలేయకండి. రేపు తను మీ పక్కన ఉండదు.