రంగుల షెడ్డుకు పోయిన ట్యాంకరు

1983 వేసవికి ముందు ధర్మవరంలోని ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో సిస్టర్ ఇన్‌చార్జిగా చేరాను. మందులు, మంచాల మీద ఉన్నవాళ్ళ శుభ్రత నా బాధ్యత. నీళ్ళు, సరుకులు మేనేజరువి. యజమాని చౌడప్పగారు పట్టుచీరల వ్యాపారి. తల్లి పేరిట ఆశ్రమం కట్టించారు గానీ వార్డు గడప తొక్కేవారు కారు.

"కట్టించినాను, మనుషుల్ని పెట్టినాను. ఇంగ మీ పనిలో నేను తల దూర్చను సిస్టరమ్మా" అన్నారు మొదటిరోజే. నేనూ సంతోషించాను.

ఎండలు ముదిరేసరికి బావి అడుగంటింది. ఇక ట్యాంకరు నీళ్ళే గతి. మంచం పట్టినవాళ్ళను వేళకు పక్కకు తిప్పాలి, ఒళ్ళు తుడవాలి, తడిసిన దుప్పటి వెంటనే మార్చాలి. లేకపోతే నడుము దగ్గర చర్మం చితికి పడకపుండు పడుతుంది. పక్షవాతం వచ్చిన తిమ్మక్కకు అదే జరిగింది. మగ్గం మీద బతుకంతా వెళ్ళదీసిన మనిషి.

"నీళ్ళు తాగితే మళ్ళా పక్క తడుపుతానని తాగకుండా ఉండాను సిస్టరమ్మా" అంది.

ట్యాంకరు ఎందుకు సరిగ్గా రావడం లేదని మేనేజరును నిలదీశాను. మా ట్యాంకరు కొన్నాళ్ళుగా యజమానిగారి రంగుల షెడ్డుకు పోతోందని నసిగాడు. రంగు వేసిన పట్టు జాడించడానికి షెడ్డు బావిలోని ఉప్పునీళ్ళు పనికిరావట. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు ట్యాంకరుకు అడ్డంగా నిలబడ్డాను. "ఏమక్కా, నా కూడు చెడగొడతావా?" అంటూనే డ్రైవరు బండిని ఆశ్రమానికి తిప్పాడు.

చౌడప్పగారు రుసరుసలాడుతూ వచ్చారు. "ఎవుర్నడిగి తిప్పిస్తివి? పట్టంతా పాడైపాయ!"

ఆయన్ను తిమ్మక్క మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమెను అడిగి కట్టు విప్పాను. ఆయన కండువాతో ముక్కు మూసుకున్నారు.

"ఈ సంగతి నాకెవురూ చెప్పల్యా" అన్నారు చివరికి.

"చెప్పేకి నువ్వు యాడుంటివప్పా?" అంది తిమ్మక్క.

ఆ తర్వాత ఆయన రోజూ రావడం మొదలుపెట్టారు. ఆయాలను అదిలించారు. ఎవరో ఇచ్చిన పసరు తెచ్చి పుండుకు పూయమన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. గట్టిగానే వాదించుకున్నాం. ట్యాంకరు ముందు ఆశ్రమంలో ఖాళీ అయ్యేలా ఆయన చూడాలి, వైద్యం జోలికి రాకూడదు అన్నచోట ఆగాం.

పట్టు ఏమీ పాడు కాలేదు. రంగెక్కి మగ్గాలకు పోయింది. తిమ్మక్క పుండు మానలేదు. వానలు పడకముందే ఆమె చనిపోయింది.

యజమాని కట్టు కట్టనక్కరలేదు, మందు చెప్పకూడదు. కానీ నీళ్ళు వచ్చాయా, అన్నం ఉడికిందా అన్నది ఒకరు చెబితే వినే విషయం కాదు, పోయి చూడవలసింది. చూసే తీరిక లేనివాడు ఆశ్రమం పెట్టకూడదు.