ట్యాంకులోంచి బదులు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. మాది ఉదయగిరి. కోటలో తిరిగే దయ్యం గురించి మా అవ్వ చెబుతుంటే, "అంత కొండెక్కే ఓపిక దానికెక్కడిదే అవ్వా?" అని ఏడిపించేవాణ్ణి. ఇప్పటికీ నమ్మననే అంటాను. కానీ ఆత్మకూరు దగ్గర ఒక మధ్యాహ్నం జరిగింది మాత్రం నాకు మింగుడుపడలేదు.

సోమశిల డ్యామ్ పనులు జరుగుతున్న రోజులవి. ఆత్మకూరు అవతల ఒక నూనె మిల్లు కడుతున్నారు. నేనూ మా అన్న మస్తానయ్యా అక్కడ పెయింటు పనికి కుదిరాం. నాయన పోయాక నన్ను సాకింది అన్నే.

బాయిలర్‌కు నీళ్ళందించే పొడుగాటి ఇనుప ట్యాంకును గోతిలో దించారు. పైన ఒక కొసన మనిషి పట్టేంత మూత తప్ప వేరే దారి లేదు. లోపల తుప్పు పట్టకుండా నల్ల పెయింటు వేయాలి. ఆ వాసనకు తల తిరుగుతుంది, ఆదమరిస్తే ప్రాణమే పోతుంది. అందుకని ఒకరు లోపల, ఒకరు పైన. లోపల ఆ చివరున్న మనిషి పైకి కనబడడు, కాంక్రీటు మిషను మోతలో మాటా వినబడదు. పైనున్నవాడు ఉండుండి సుత్తితో రేకు మీద కొట్టాలి. లోపలివాడు స్పానరుతో బదులు కొడితే బాగున్నట్టు. అన్న రెండు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి, ఇంకొకటి కొట్టేవాడు. ఆ చివరి దెబ్బ ఆయన అలవాటు.

ఆ రోజు అన్నం తిన్నాక అన్న లోపలికి దిగాడు. నేను పైన గోనెపట్టా నీడలో కూర్చున్నాను. కొడుతున్నాను, బదులొస్తోంది. రెండు, ఆగి ఒకటి. మనసు నిమ్మళంగా ఉంది.

మళ్ళీ కొడదామని సుత్తి ఎత్తాను. అది రేకుకు తగలకముందే బదులొచ్చింది.

అన్న తొందరపడ్డాడేమో అనుకున్నాను. కాసేపాగి మళ్ళీ సుత్తి ఎత్తాను, కొట్టలేదు. మళ్ళీ వచ్చింది. నేను సుత్తి ఎత్తడం లోపలి మనిషికి ఎలా తెలుస్తుంది? మూతలో తలపెట్టి "అన్నా!" అని అరిచాను. పలుకు లేదు. ఆ దెబ్బలు మాత్రం తీరుబడిగా నా ముఖం కిందనే వినబడ్డాయి.

నా కేకలకు మేస్త్రీ పరుగెత్తుకొచ్చి నా నడుముకు తాడు కట్టాడు. ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకొని దిగాను. ఆ చివర అన్న బోర్లా పడి ఉన్నాడు. స్పానరు ఆయన పొట్ట కింద ఉంది.

పైకి లాగాక మేస్త్రీ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఊపిరుండాది రా! జీపు తెండి!"

స్పృహ తప్పి చాలాసేపయిందని ఆత్మకూరు ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. సాయంత్రానికి అన్న కళ్ళు తెరిచాడు.

"బదులు కొడతానే ఉండావు గదన్నా?" అని అడిగాను.

"నేను బదులు కొట్టింది ఒక్కసారే గదరా. మళ్ళ ఏమైందో నాకు తెలీదు."

ఎండకు కాగిన ఇనుము అట్లాగే టిక్కుమంటుందని మిల్లు ఇంజనీరు తేల్చేశాడు. అది మా అన్న అలవాటు ఎక్కడ నేర్చుకుందో ఆయన చెప్పలేదు. అన్న ప్రాణం పోతుంటే, బాగున్నాడని నాకు చెబుతూ కూర్చున్నది ఎవరు? తలచుకుంటే ఇప్పటికీ భయమే.

అన్న ఇప్పుడు ముసలివాడయ్యాడు. స్నానాల గదిలో ఆలస్యమైతే తలుపు తడతాను.

"బాగానే ఉండానులేరా, పో" అంటాడు లోపలినుంచి.

నేను పోను. తలుపు తెరుచుకొని, ఆయన ముఖం నా కళ్ళకు కనబడేదాకా అక్కడే నిలబడతాను.